హాల్లో మొదటి ప్రమాద హెచ్చరిక

కుక్కపిల్ల ఇంట్లోకొచ్చింది. టైల్స్ మీద చెమ్మ కూడా వచ్చింది. చీపురుకట్ట అందుకునే ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

ఏటా జులై, ఆగస్టు వచ్చాయంటే టీవీ వార్తల్లో ధవళేశ్వరం పేరు మోగిపోతుంది. అక్కడి కాటన్ బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. తెలివైన లంక రైతు మొదటిదానికే గొడ్డూగోదా విప్పుకుని గట్టెక్కుతాడు. మూడోదాకా ఆగినవాడికి పడవే దిక్కు. కుక్కపిల్లను తెచ్చుకున్న ఇళ్ళలో ఈ మూడు హెచ్చరికలూ వరదలతో పనిలేకుండా ఏడాది పొడవునా, రోజుకు పదిసార్లు వస్తుంటాయి. రెండు నెలల పిల్ల ఆడుతూ ఆడుతూ టక్కున ఆగి ముక్కు నేలకానిస్తుంది. అది మొదటిది. వాసన చూసుకుంటూ అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతుంది. అది రెండోది. వెనక కాళ్ళు వంచుతుంది. ఇక చేసేదేం లేదు. సోఫా కింద పుట్టిన సన్నటి పాయ టైల్స్ సందుల వెంట టీవీ బల్ల దాకా వెళ్ళాక గానీ ఎవరూ చూడరు.

"ఒరేయ్, మళ్ళీ పోసేసిందిరా మీ మహానుభావుడు!" అని నాయనమ్మ కేక.

ఈ పోలిక నవ్వుకోవడానికి తెచ్చింది కాదు. కుక్కపిల్లకి ఒంటికి, రెంటికి అలవాటు చేసే పద్ధతంతా ఆ ఆనకట్టలోనే ఉంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ఇక్కడ కట్టించింది గోదావరిని ఆపే గోడ కాదు. ఆ నదిని ఆపడం ఎవరి తరమూ కాదని ఆయనకు తెలుసు. నీటిని కాస్త ఎత్తుకు లేపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవల్లోకి మళ్ళించాడు, మిగిలింది సముద్రానికి వదిలేశాడు. 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీ 175 గేట్లూ చేసేది అదే పని. రెండు నెలల పిల్లకి ఎక్కువసేపు ఆపుకునే శక్తి లేదు. అరిచినా రాదు, కొట్టినా రాదు. మన చేతిలో ఉన్నది మళ్ళింపు ఒక్కటే. వేళ కనిపెట్టాలి, మోసుకెళ్ళి చోటు చూపించాలి. ఈ సంగతి వంటబట్టిన ఇంట్లో రెండు మూడు నెలల్లో గొడవ సద్దుమణుగుతుంది. వంటబట్టని ఇంట్లో ఏడాది తిరిగినా ఫినాయిల్ సీసాలు ఖాళీ అవుతూనే ఉంటాయి.

అరుగు మీంచి సోఫా పక్కకి

మన ఇళ్ళకు కుక్క కొత్త కాదు. కుక్క హాల్లో ఉండటం కొత్త. గోదావరి జిల్లాల పాత మండువా లోగిళ్ళు తలచుకోండి. కుక్క చోటు వీధి అరుగు కింద, లేదంటే పశువుల పాకలో, కాదంటే గడ్డిమేటు పక్కన. మిగిలిన అన్నం ముద్ద పెరట్లో పడేది, రాత్రి మొరిగి ఆ రుణం తీర్చుకునేది. ఒంటికి ఎక్కడికెళ్తోందని అడిగినవాడు లేడు, ఎందుకంటే దానికి పెరడంతా ఉంది, చేలగట్లున్నాయి, ఏటిగట్టుంది. పైగా ఆ ఇళ్ళకు జానెడెత్తు గడపలుండేవి. పిల్లకుక్క ఎక్కుదామన్నా ఎక్కలేదు.

ఇప్పుడా గడప పోయింది, పెరడు పోయి పార్కింగు వచ్చింది. నేల నున్నటి టైల్స్ అయింది. 2003లో హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగిన పగ్ కుక్క దేశం మొత్తానికి ముద్దొచ్చాక, చిన్న పట్నాల్లో కూడా పగ్గులూ పమేరియన్లూ ల్యాబ్‌లూ ఇళ్ళల్లోకి దిగాయి. కాపలాకి తెచ్చినవి కావవి, ఒళ్ళో పెట్టుకోవడానికి తెచ్చినవి. కుక్కను లోపలికి పిలిచాం గానీ లోపల ఎలా ఉండాలో నేర్పే విద్య మన పెద్దవాళ్ళ దగ్గర లేదు. ఉండాల్సిన అవసరం వాళ్ళకెప్పుడూ రాలేదు. అందుకే దూడని దండించినట్టు దీన్నీ దండిస్తే సరిపోతుందనుకుంటారు. నాలుగు తగిలించమని ఒకరు, ముక్కు అందులో పెట్టి రుద్దమని ఇంకొకరు సలహా ఇస్తారు. ఈ రెండో సలహా ఇచ్చినవాళ్ళ ఇళ్ళలో కుక్కలు బాగుపడిన దాఖలా మాత్రం ఎవరూ చూపించరు.

నన్నయ చెప్పిన కుక్కపిల్ల

ధవళేశ్వరానికి కాస్త ఎగువన, రాజమహేంద్రవరంలో, పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టాడు. భారతంలో కుక్క అనగానే ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్క గుర్తొస్తుంది అందరికీ. అది చివర. మొదట్లో కూడా ఒకటుంది, ఎవరూ తలచుకోరు. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటాడు. సరమ అనే దేవతల కుక్క ఉంది, దాని పిల్ల సారమేయుడు ఆడుకుంటూ ఆ యాగశాల వైపు వస్తాడు. జనమేజయుడి తమ్ముళ్ళు వాణ్ణి చావబాదుతారు. ఏడుస్తూ తల్లి దగ్గరకు పోతాడు. సరమ సరాసరి రాజు ముందుకొచ్చి నిలదీస్తుంది. మంచీ చెడూ ఆలోచించకుండా సాధువుల్నీ పేదల్నీ హింసించేవాళ్ళకి కారణం లేని భయాలు వచ్చిపడతాయని చెప్పి మాయమైపోతుంది. ఆ మాట నిలబడకుండా పోయే దారి కోసం చక్రవర్తి అంతటివాడు తగిన పురోహితుణ్ణి వెతుక్కుంటూ తిరగాల్సివచ్చింది. నన్నయ తెలుగులో అదొక పేరున్న ఘట్టం. పాపం ఆ పిల్ల అక్కడ ఒంటికి కూడా పోయలేదు.

సరమ శాపం కుక్కపిల్లకే ఎదురు తిరుగుతుంది, అదే విచారం. కారణం తెలియకుండా దెబ్బ తిన్న పిల్లకి మిగిలేది భయం. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో మడుగు ఉంది. అది జరిగి గంటయింది. కుక్కను లాక్కొచ్చి చూపించి నాలుగంటించారు. అది గంట కిందటి పనిని ఈ దెబ్బతో ముడిపెట్టుకోలేదు. దానికి అర్థమైంది వేరు. నేల మీద మడుగుండి మనిషి లోపలికొస్తే ప్రమాదం అనుకుంటుంది. లేదా మనుషులు చూస్తుండగా పోయకూడదనుకుంటుంది. ఆ రెండో పాఠం నేర్చిన పిల్లని పెరట్లోకి తీసుకెళ్ళి అరగంట నిలబెట్టినా మీ ముందు చుక్క పోయదు. లోపలికి రాగానే మంచం వెనక్కి దూరి పని కానిచ్చుకుంటుంది. "చూశారా దీని పొగరు, కావాలనే చేస్తోందండీ" అంటారు. పొగరూ కాదు, పంతమూ కాదు. మనం నేర్పిన పాఠం బాగా వచ్చేసింది.

"తప్పు చేశానని దానికి తెలుసండీ, మొహం చూస్తేనే తెలిసిపోతుంది" అనేవాళ్ళు చాలామంది. చెవులు వెనక్కి వేసి, తోక ముడిచి, కళ్ళు తప్పించే ఆ మొహాన్ని న్యూయార్క్‌లోని బార్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ పరీక్షకు పెట్టింది. 2009లో అచ్చయిన ఆ పరిశోధనలో 14 కుక్కలు. తినొద్దన్నది తిన్నవీ ఉన్నాయి, తిననివీ ఉన్నాయి. యజమానులకు మాత్రం కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. తేలిందేమంటే, ఆ నేరస్థుడి మొహం తప్పు చేసినందుకు వచ్చేది కాదు, యజమాని కోప్పడినందుకు వచ్చేది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలే ఆ మొహం ఇంకా ఎక్కువ పెట్టాయి. కాబట్టి మొహం చూసి తీర్పు చెప్పడం మానేయండి.

తల్లి దగ్గర నేర్చిన శుభ్రం

పుట్టిన కుక్కపిల్లకి తనంతట తాను ఒంటికి పోవడం కూడా రాదు. తల్లి నాకితేనే వస్తుంది, వచ్చిందాన్ని తల్లే నాకి శుభ్రం చేస్తుంది. దాదాపు మూడు వారాలకు కాళ్ళు నిలదొక్కుకున్నాక పిల్లలు పడక వదిలి కాస్త ఎడంగా వెళ్ళడం మొదలుపెడతాయి. పడుకునే చోట పాడుచేసుకోకూడదన్న ఈ గుణమే మనం తర్వాత చేయబోయే పనికంతటికీ పునాది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి చూసిన జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో వేసిన పుస్తకం ఇప్పటికీ ఈ విషయంలో పెద్ద ఆధారం. ఎనిమిది, తొమ్మిది వారాల వయసుకు పిల్ల తనకంటూ ఒక చోటు, కాలికింద ఒక రకం నేల ఎంచుకుని దానికే అలవాటుపడుతుంది. మట్టి మీద అలవాటైతే మట్టి వెతుక్కుంటుంది. సిమెంటు మీద అలవాటైతే సిమెంటు.

ఇక్కడే మన బజారు తప్పు చేస్తోంది. 2017లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. బయట చూస్తే నెల, నెలా అయిదు రోజుల పిల్లలే చేతులు మారుతుంటాయి. చిన్నదైతే ముద్దొస్తుంది, తొందరగా మాలిమవుతుందని కొనేవాడి నమ్మకం, తిండి ఖర్చు తగ్గుతుందని అమ్మేవాడి లెక్క. తల్లి దగ్గర ఉండాల్సిన రోజుల్లో ఇనుప బోనులో తిన్నచోటే పడుకుని, పడుకున్నచోటే పోసుకున్న పిల్లకి ఆ పుట్టు శుభ్రం చచ్చిపోతుంది. అలాంటిదాన్ని తెచ్చుకుని నాలుగు రోజుల్లో నేర్చుకోలేదని విసుక్కుంటే ఎలా? అదే వీధిలో మట్టి మీద పుట్టి తల్లి వెంట తిరిగిన ఊరకుక్క పిల్లని రెండు నెలలకు తెచ్చుకున్నవాళ్ళు చాలామంది, "మేం ప్రత్యేకంగా నేర్పిందేం లేదండీ, తలుపు దగ్గరకెళ్ళి నిలబడుతుంది" అంటుంటారు. వేలు పోసి కొన్నవాళ్ళకు ఈ మాట రుచించదు.

గడియారం చూసేది కుక్క కాదు

లెక్క ఒకటుంది. పిల్లకి ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని సుమారుగా చెబుతారు. రెండు నెలలదైతే మూడు గంటలు. అదీ కదలకుండా ఉంటే. ఆడుతుంటే అరగంటకే వస్తుంది. నిద్ర లేవగానే తప్పదు. తిన్న అయిదు నిమిషాల నుంచి అరగంట లోపు రెంటికి తప్పదు, ఎందుకంటే పొట్టలో తిండి పడగానే పేగు కదులుతుంది. మనుషుల్లోనూ ఇంతే, కాఫీ తాగగానే లేచి వెళ్ళే పెద్దాయన ప్రతి ఇంట్లో ఒకరుంటారు. కాబట్టి తిండికి వేళ పెడితే రెంటికీ వేళ ఏర్పడుతుంది. మూడు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఒకే వేళకి. గిన్నె నిండా పోసి రోజంతా వదిలేసిన ఇంట్లో ఎప్పుడు వస్తుందో బ్రహ్మక్కూడా తెలియదు.

పాల సంగతి ఒకటి. గోదావరి వాళ్ళ ప్రేమ పాలగిన్నె రూపంలోనే బయటపడుతుంది. చిక్కటి గేదెపాలు పోస్తారు, పిల్ల చప్పరించుకుంటూ తాగుతుంది, రాత్రికి విరేచనాలు. తల్లిపాలు మానే వయసు వచ్చేసరికి పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి దానికి తగ్గిపోతుంది, పైగా గేదెపాలలో ఆ చక్కెర కుక్కపాలలో కంటే ఎక్కువ. పొట్ట పాడైన పిల్లకి పద్ధతి నేర్పడం ఎవరివల్లా కాదు. నీళ్ళ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. రాత్రి పోస్తుందని సాయంత్రం నుంచే గిన్నె ఎత్తేసేవాళ్ళున్నారు, మన మే నెల ఎండల్లో అది ప్రాణం మీదకు తెస్తుంది.

లేవగానే, తినగానే, ఆడగానే, పడుకోబోయే ముందు చేతుల్లో ఎత్తుకుని బయటకు తీసుకెళ్ళండి. నడిపించుకెళ్తే గుమ్మం దాకా రాకుండానే పని అయిపోతుంది, మేడ మీద ఇల్లయితే లిఫ్టులోనే. ఒకే చోటికి, ఒకే దారిన. దించాక ఒకే మాట. "ఒంటికి" అన్నా, "బిజీ బిజీ" అన్నా దానికొకటే, ఇంట్లో అందరూ అదే అనాలి. నాన్న ఒకటి, తాతయ్య ఇంకొకటి అంటే దానికి రెండూ అర్థంలేని చప్పుళ్ళే. పని అవుతుండగా మాట్లాడకండి, అవగానే మెచ్చుకోండి, జేబులోంచి చిన్న ముక్క అక్కడే పెట్టండి. లోపలికొచ్చాక పెడితే లోపలికొచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఇంకో చిన్న కిటుకు చాలామందికి తెలియదు. పోసిన మరుక్షణం ఎత్తుకుని లోపలికి తేకండి. పోస్తే షికారు అయిపోతుందని కనిపెట్టిన పిల్ల తర్వాత నుంచి బయటున్నంతసేపూ బిగబట్టి కూర్చుంటుంది. అయ్యాక రెండు నిమిషాలు ఆడించి తీసుకురండి.

వంగబోయే ముందు కుక్కలు ఏ దిక్కుకు తిరుగుతాయో తెలుసుకోవాలని చెక్, జర్మన్ పరిశోధకులు రెండేళ్ళపాటు 70 కుక్కల వెంట దిక్సూచి పట్టుకు తిరిగారు. భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉన్న వేళల్లో అవి ఉత్తర దక్షిణాలుగా నిలబడి రెంటికి కూర్చోవడానికి ఇష్టపడతాయని 2013లో ప్రకటించారు. మరుసటి ఏడాది ఇగ్ నోబెల్ కూడా కొట్టేశారు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. వాస్తు పట్టింపున్న మామగారికి చెప్పి చూడండి, కుక్క మీద గౌరవం పెరగొచ్చు.

రాత్రి సంగతి. అట్టపెట్టె గానీ చిన్న బోను గానీ, లోపల అది తిరిగి పడుకునేంత చోటు మాత్రమే ఉండాలి. మరీ పెద్దదైతే ఒక మూల పడక, ఒక మూల పాయిఖానా చేసుకుంటుంది. మీ మంచం పక్కనే పెట్టుకోండి. వంటింట్లోనో వరండాలోనో ఒంటరిగా పెడితే కూత భయంతోనో అవసరంతోనో మీకు తెలియదు. పక్కనుంటే కదలిక వినిపిస్తుంది. రెండు మూడు గంటలకొకసారి లేవాలి, తప్పదు. దీపాలు వేయకుండా, ఆటలాడకుండా తీసుకెళ్ళి తీసుకురావడమే.

కాగితాలు పరచవచ్చా అని అడుగుతారు. పరచవచ్చు, పగలంతా మనుషులుండని ఇంట్లో, టీకాలు పూర్తికాని పిల్లకి. కానీ కాగితం మీద అలవాటైన కాలికి కాగితమే కావాలి. నాన్నగారు చదివి కుర్చీ పక్కన పడేసిన ఆదివారం అనుబంధం దానికి పాయిఖానాలా కనిపిస్తుంది.

ఫినాయిల్ కంపు, బ్లీచింగ్ ముప్పు

జరగాల్సింది జరిగిపోయింది. కళ్ళముందే జరుగుతుంటే చిన్నగా ఒక చప్పట్ల చప్పుడు, చటుక్కున ఎత్తుకుని బయటకు. అయిపోయాక చూస్తే నోరెత్తకుండా తుడుచుకోవడమే. ఎలా తుడుస్తామన్నది మాత్రం ముఖ్యం. కుక్క ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 20 కోట్లకు పైనే, మనకు 50, 60 లక్షలు. మనకు మల్లెపూల వాసనొస్తున్న గచ్చు దానికి ఇంకా పాయిఖానాగానే తెలుస్తుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. టైల్ మీద నుంచి పోయినా సందుల్లోని సిమెంటు పీల్చుకున్నది పోదు. అందుకే వర్షాకాలం గాలిలో చెమ్మ పెరగగానే పాత కంపు లేస్తుంది.

ముందు పాత కాగితాలతో ఒత్తి పీల్చేయండి, తుడుపుగుడ్డతో హాలంతా రాయకండి. తర్వాత మామూలు నీళ్ళు. ఆ తర్వాత ఎంజైములున్న మందు. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది, దొరక్కపోతే ప్యాకెట్ మీద ఎంజైములున్నాయని రాసిన బట్టల పౌడర్ గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పోసి పావుగంట వదిలేయండి. వాసనను కప్పిపెట్టదిది, వాసనకు మూలమైన పదార్థాన్నే విరగ్గొడుతుంది. దానికి ఆ సమయం ఇవ్వాలి. వేసిన వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ.

మనవాళ్ళ చెయ్యి ఫినాయిల్ మీదకే పోతుంది. తడి ఆరకుండా దాని మీద నడిచిన పిల్ల పాదాలు నాక్కుంటుంది. నల్ల ఫినాయిల్‌లో ఉండే తారు సంబంధమైన ద్రవ్యాలు కుక్కలకు విషం. ఇక బ్లీచింగ్ పౌడర్ ఇంకా ప్రమాదం. మూత్రంలోంచి పుట్టే అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తుల్ని కోసే క్లోరమిన్ ఆవిర్లొస్తాయి. బ్లీచింగ్ చల్లి, పోలేదని దాని మీదే బాత్రూం యాసిడ్ పోస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపులు మూసిన చిన్న గదిలో అది మనిషిని కూడా పడగొడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావకాలతో తుడిస్తే మాత్రం కుక్క సంతోషిస్తుంది, అచ్చం తన వాసనే.

కడియం గడ్డి

కుక్కపిల్లలకు సోకే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు వచ్చేదాకా సాగుతాయి. అందాకా వీధికుక్కలు తిరిగే చోట పిల్లను దించకూడదు. మరి బయటకు తీసుకెళ్ళమంటిరి? పెరడున్నవాళ్ళకు చిక్కులేదు. డాబా, బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్ళకు ధవళేశ్వరం పక్కనే మందుంది. కడియం, కడియపులంక నర్సరీల్లో లాన్ గడ్డి పలకలుగా కోసి అమ్ముతారు. ఒక ప్లాస్టిక్ ట్రేలో కింద ఇసుక, మీద గడ్డి పలక పరిచి బాల్కనీ మూల పెడితే కుక్కపిల్లకి సొంత పచ్చిక. కాలికింద గడ్డి అలవాటవుతుంది కాబట్టి రేపు బయట గడ్డి కనిపించగానే కొత్తేమీ ఉండదు. మూత్రంలోని నత్రజని వల్ల గడ్డి మచ్చలు మచ్చలుగా మాడిపోతుంది, అప్పుడు పలక మార్చుకోవడమే. దేశమంతటికీ మొక్కలు పంపే ఊరు పక్కనుండగా పెద్ద నగరాల్లో వాళ్ళలా కృత్రిమ గడ్డి చాపలు పార్సిల్ తెప్పించుకోవడం నాకు నచ్చదు. నర్సరీకి వెళ్ళినప్పుడు మాత్రం అందంగా ఉందని సైకాస్ కుండీ కొని ఆ ట్రే పక్కన పెట్టకండి. అది కొరికితే కుక్కకు కాలేయం పోతుంది. గన్నేరు సంగతి చెప్పనక్కర్లేదు.

ముసురు పట్టినప్పుడు ఈ ట్రే విలువ తెలుస్తుంది. చాలా పిల్లలు తడి నేల మీద కాలు పెట్టవు. గొడుగు పట్టుకుని మీరు, గుమ్మంలో కదలకుండా అది. బలవంతంగా లాగితే వానంటే ఇంకా బెదురుతుంది. సన్‌షేడ్ కింద గాని, మెట్ల కింద గాని ఒక బుట్టెడు ఇసుక పోసిన పొడి చోటు ఉంచితే చాలు. ఎండాకాలం సంగతి దీనికి తలకిందులు, మధ్యాహ్నం సిమెంటు డాబా పాదాలు కాల్చేస్తుంది. మీ అరచెయ్యి అయిదు సెకన్లు ఆనించలేని నేల మీద దాన్ని దించకండి.

తుడిచేదెవరు?

పిల్లాడి పుట్టినరోజుకి నాన్న తెస్తాడు. పేరు అక్క పెడుతుంది. ఫొటోలు అందరూ తీస్తారు. తుడిచేది అమ్మ. నేర్పడం కుదరని ఇళ్ళలో సగానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. వంట, బడి క్యారేజీలు, ముసలివాళ్ళ మందుల మధ్యలో ఆవిడకి కుక్కపిల్ల ముక్కు నేలకానించిన క్షణం కనిపించదు. కనిపించినా చెయ్యి ఖాళీ లేదు. పనిమనిషి ఉంటే ఆమె మీద పడుతుంది, ఒప్పుకున్న జీతంలో ఆ పని లేకపోయినా. పిల్లను తెచ్చే ముందే పొద్దున అయిదున్నరకి ఎవరు, భోజనాలయ్యాక ఎవరు, అర్ధరాత్రి ఎవరు అని తేల్చుకోండి. తెమ్మని ఏడ్చినవాడికి అర్ధరాత్రి వంతు ఇవ్వడం న్యాయం. భార్యాభర్తలిద్దరూ పొద్దున తొమ్మిదికి వెళ్ళి రాత్రి ఏడింటికి వచ్చే ఇంటికి అసలు రెండు నెలల పిల్ల వద్దు. ఏడాది దాటిన కుక్కను దత్తత తెచ్చుకోండి, అది ఆపుకోగలదు.

మడి, పూజగది ఉన్న ఇళ్ళలో తగువు ఇంకో రకం. నాయనమ్మ పట్టింపుని మూఢత్వమని కొట్టిపారేస్తే ఆవిడకూ కుక్కకూ ఆజన్మ వైరం పెట్టినట్టే. నిజానికి పిల్లకు మొదటి నెలల్లో ఇల్లంతా వదలకూడదు, ఒకటి రెండు గదులే దాని రాజ్యం. వంటిల్లు, పూజగది వైపు మోకాలెత్తు పలక అడ్డం పెడితే ఆవిడ మాటా నెగ్గుతుంది, నేర్పడమూ సులువవుతుంది. పాత గడప చేసిన పని ఇదే.

తప్పు పద్ధతిలోనే ఉందని కూడా అనుకోవద్దు. బాగా నేర్చిన పిల్ల ఉన్నట్టుండి గంటకోసారి చుక్కలు చుక్కలుగా పోస్తుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. మీరు రాగానే వెల్లకిలా పడి పోసేస్తే అది భయభక్తి. తిట్టకండి, అసలు పలకరించకుండా పక్కకెళ్ళి కూర్చోండి, పెద్దయ్యే కొద్దీ పోతుంది. మగది ఆరేడు నెలలకు కాలెత్తి సోఫా కోళ్ళ మీద చిలకరిస్తే అది హద్దులు రాసుకోవడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావాటిలో తగ్గుతుంది. ముసలి కుక్క పాడుచేస్తుంటే దాని కిడ్నీలు, షుగరు చూపించండి.

గట్టు మీద

నేర్పడం పూర్తయింది, ఇల్లు పొడిగా ఉంది. కుక్క తలుపు గీకుతోంది. పొద్దున్నే గొలుసు పట్టుకుని గట్టు మీదికి, బ్యారేజీ రోడ్డు వైపు షికారు. రెంటికి అక్కడ, వెనక్కి చూడకుండా ఇంటికి. హాల్లో పోసిందాన్ని కొట్టిన చేతులే గట్టు మీద వేసిందాన్ని వదిలేసి వస్తాయి. ఆ గట్టు దిగువనే సుమారు పది లక్షల ఎకరాల డెల్టాకి నీళ్ళు మోసే కాలవలు మొదలవుతాయి. ఆ నీళ్ళే ఊళ్ళ చెరువుల్లో నింపుకుని తాగుతారు. కుక్కపిల్లలకు తల్లి కడుపులోంచి, తల్లిపాలలోంచి కూడా ఏలికపాములు వస్తాయి. వాటి గుడ్లు మలంలో పడి, మట్టిలో రెండు మూడు వారాలకు ముదిరి, ఆడుకునే పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతాయి, కంటిచూపు దెబ్బతీసిన సందర్భాలూ ఉన్నాయి. అప్పటికప్పుడు ఎత్తేస్తే ఆ గుడ్లకు ముదిరే వ్యవధే ఉండదు. ఎలుకలూ కుక్కలూ మూత్రంతో వ్యాపింపజేసే లెప్టోస్పైరోసిస్ జ్వరం వరద నీళ్ళు నిలిచినప్పుడు ఇంకా చెలరేగుతుంది. ఇంట్లో తుడిచేటప్పుడు కూడా చేతికి తొడుగు ఉండాలి, కుక్కకు వేయించే టీకాల్లో ఆ జబ్బుది కూడా ఉందో లేదో అడగాలి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా.

రెండో వారం నుంచి పన్నెండో వారం దాకా పదిహేను రోజులకోసారి, తర్వాత ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి ఏలికపాముల మందు పట్టించాలి. పిల్లను తెచ్చిన రోజే అమ్మినవాణ్ణి ఎన్నిసార్లు పట్టించారో అడిగి, మిగతాది డాక్టరు దగ్గర రాయించుకోండి. గొలుసుతోపాటు జేబులో రెండు పాత కాగితాలు, ఒక సంచి. ఎత్తి, ముడివేసి, చెత్తబుట్టలో వేయాలి. కాలవలో కాదు.